పాత కారులో ఆటోమేటిక్ గేర్‌బాక్సు: లోపం పట్టే తీరు

రెండే పెడళ్ళున్న కారు కనిపిస్తే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఊళ్ళలో అందరూ అనే మాట ఒకటే: ఆటోమేటిక్. ఆ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. ఒకదానికి జబ్బు అనిపించేది ఇంకొకదానికి పుట్టుకతో వచ్చిన నడక. డి గేరులో పెట్టి బ్రేకు వదిలినా బండి ముందుకు పాకకపోతే ఒక కారులో అది పెద్ద రిపేరుకు గుర్తు, మరో కారులో కంపెనీ దాన్ని చేసిన తీరే అంత. కనుక పాత బండి గేర్‌బాక్సును పరీక్షించడంలో మొదటి పని చెవి పెట్టి వినడమూ కాదు, నూనె వాసన చూడడమూ కాదు. అందులో ఉన్నది ఏ జాతి పెట్టె అన్నది తేల్చుకోవాలి.

ఈ మూడు ఊళ్ళూ 2007లో కోలారు నుంచి విడదీసిన చిక్కబళ్ళాపురం జిల్లాలోవి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం నడిచే సీమ. చిక్కబళ్ళాపురం బళ్ళ నంబరు కేఏ-40తో, చింతామణివి కేఏ-67తో మొదలవుతాయి. దక్షిణాన అరవై కిలోమీటర్లు పోతే బెంగళూరు, ఉత్తరాన బాగేపల్లి దాటితే ఆంధ్ర. ఇక్కడ చేతులు మారే ఆటోమేటిక్ బండికి తొలి యజమాని బెంగళూరువాడైతే మీటరును చూసి మురిసిపోకూడదు. నలభై వేల కిలోమీటర్లే కనిపించవచ్చు గాని, హెబ్బాళ ఫ్లైఓవరు మీద, సిల్క్ బోర్డు కూడలిలో ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య నలిగిన గంటలను ఏ మీటరూ చూపదు. హైవే మీద లక్ష తిరిగిన బండి గేర్‌బాక్సు అంతకన్నా గట్టిగా ఉండవచ్చు.

నాలుగు జాతులు

వీటిలో పాతది టార్క్ కన్వర్టరు రకం. జనరల్ మోటార్స్ 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ పెట్టెను అమర్చడంతో పూర్తి ఆటోమేటిక్ గేరు సామాన్య కొనుగోలుదారు దాకా వచ్చింది. 1948లో బ్యూక్ డైనాఫ్లో టార్క్ కన్వర్టరును తెచ్చింది. ఇందులో ఇంజనుకూ గేర్లకూ మధ్య మామూలు క్లచ్ ప్లేటు ఉండదు. ఇంజను వైపు రెక్కల చక్రం నూనెను విసురుతుంది, ఆ తాకిడికి గేర్ల వైపు చక్రం తిరుగుతుంది. వేగం కుదిరాక లాకప్ క్లచ్ రెంటినీ ఒకటిగా బిగిస్తుంది. దాని వెనక ప్లానెటరీ గేర్లు, వాటిని పట్టి వదిలే క్లచ్ పొరలు, నూనెకు దారులు తెరిచి మూసే వాల్వు బాడీ, ఆ దారుల దగ్గర కాపలా కాసే సోలెనాయిడ్లు ఉంటాయి. ఇన్నోవా క్రిస్టా, నాలుగు గేర్ల పాత ఎర్టిగా, సియాజ్ ఈ జాతివి.

రెండోది సీవీటీ. ఇందులో గేర్లే ఉండవు. వెడల్పు మారే రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక బెల్టు. 1958లో డచ్ కంపెనీ డాఫ్ తన చిన్న కారులో రబ్బరు బెల్టుతో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. ఇప్పటి కార్లలో ఉన్నది ఉక్కు బెల్టు. మూడోది డ్యూయల్ క్లచ్. ఒక క్లచ్ బేసి గేర్లను చూసుకుంటే ఇంకొకటి సరి గేర్లను చూసుకుంటుంది. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32తో ఇది మార్కెట్టుకు వచ్చింది, మన దేశంలో 2013 నాటి పోలో జీటీ దీన్ని మధ్యతరగతికి పరిచయం చేసింది.

నాలుగోది ఏఎంటీ. నిజానికి ఇది ఆటోమేటిక్ కాదు, డ్రైవరు ఎడమ కాలినీ ఎడమ చేతినీ యంత్రానికి అప్పగించిన మామూలు గేర్‌బాక్సు. అదే క్లచ్ ప్లేటు, అవే గేర్లు; క్లచ్ నొక్కే పనీ గేరు మార్చే పనీ చిన్న యంత్రాలు చేస్తాయి. కొన్నిటిలో ఆ యంత్రాలను నూనె పీడనం నడిపితే, కొన్నిటిలో విద్యుత్ మోటారు నడుపుతుంది. 2014లో సెలేరియోతో మొదలై ఆల్టో కె10, టియాగో, క్విడ్, ఇగ్నిస్ దాకా చిన్న కార్లన్నిటికీ పాకింది. చవకగా వచ్చిన ఆటోమేటిక్ చాలాసార్లు ఇదే.

గుర్తు పట్టడం ఎలా? గేరు లివరు దగ్గర ఆర్, ఎన్, డి, ఎం ఉండి పి అక్షరం లేకపోతే అది దాదాపుగా ఏఎంటీయే. పి ఉంటే మిగతా మూడింటిలో ఏదో ఒకటి. అక్కడ కారు పేరును నమ్ముకుంటే దెబ్బ తింటారు. హోండా సిటీ సంగతే చూడండి: 2003లో వచ్చిన తరంలో సీవీటీ, 2008లో వచ్చిన తరంలో ఐదు గేర్ల టార్క్ కన్వర్టరు, 2014 నుంచి మళ్ళీ సీవీటీ. డిజైర్ 2012లో నాలుగు గేర్ల కన్వర్టరుతో వచ్చింది, 2017 తరంలో ఏఎంటీ అయింది. 2020 నాటి ఐ20లో ఒక ఇంజనుకు సీవీటీ, ఇంకొక ఇంజనుకు డ్యూయల్ క్లచ్. పేరుతో పాటు ఏడాది, ఇంజను, వేరియంటు మూడూ తెలిస్తేనే జాతి తెలిసినట్టు.

చల్లని ఇంజను

‘బండి వేడి చేసి పెట్టినాము సార్’ అని అమ్మేవాళ్ళు అంటే అది మర్యాద అనుకోకూడదు. బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసి, వేడిగా ఉంటే మర్నాడు పొద్దున వస్తామని చెప్పి రావడం మేలు. కన్వర్టరు పెట్టెల్లో క్లచ్ పొరల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడతాయి. చలిలో అవి సరిగ్గా మూసుకోవు, నూనె పీడనం కారిపోతుంది, గేరు ఆలస్యంగా పడుతుంది. పది నిమిషాలు నడిచాక సీళ్ళు మెత్తబడి అంతా సవ్యంగా కనిపిస్తుంది. దీనికి ఎదురు రోగమూ ఉంది. పంపు, వాల్వు బాడీ అరిగిన పెట్టెలో చల్లని చిక్కటి నూనె బాగానే పీడనం నిలుపుతుంది, వేడెక్కి పలచబడ్డాక జారిపోతుంది. కాబట్టి పరీక్ష రెండుసార్లు చెయ్యాలి: సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న చిక్కబళ్ళాపురంలో డిసెంబరు ఉదయం ఒకసారి, గంట సేపు తిప్పి తెచ్చాక ఇంకోసారి.

ఏఎంటీలో పరీక్ష ఇంజను స్టార్టు చెయ్యకముందే మొదలవుతుంది. నూనె పీడనంతో పనిచేసే రకంలో డ్రైవరు తలుపు తెరవగానే చిన్న పంపు రెండు మూడు క్షణాలు బుర్రుమని ఆగుతుంది. అది ఆగకుండా మోగుతున్నా, బండి నిలిచి ఉండగానే మళ్ళీ మళ్ళీ మోగుతున్నా పీడనం ఎక్కడో కారుతున్నట్టు, లేదా పీడనాన్ని దాచిపెట్టే అక్యుములేటరు నీరసించినట్టు.

కన్వర్టరు బండికి వాచీ పరీక్ష ఉంది. కాలి బ్రేకు, చేతి బ్రేకు రెండూ వేసి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఎన్ నుంచి డికి మార్చి, బండి చిన్నగా ఊగేదాకా ఎంతసేపు పట్టిందో చూడాలి. జపాను కంపెనీల సర్వీసు పుస్తకాల్లో సాధారణంగా కనిపించే హద్దు డికి 1.2 సెకన్లు, ఆర్‌కు 1.5 సెకన్లు. నిమిషం వ్యవధితో మూడుసార్లు చేసి సగటు తీసుకోవాలి. డి ఒక్కటే ఆలస్యమైతే ముందుకు నడిపే క్లచ్ అరిగిందని, ఆర్ ఒక్కటే అయితే ఆ దారిలోనే తేడా ఉందని, రెండూ ఆలస్యమైతే నూనె తక్కువైందో, ఫిల్టరు మూసుకుందో, మొత్తం పీడనమే పడిపోయిందో అని అనుమానించాలి. బ్రేకు గట్టిగా నొక్కి, ఆక్సిలేటరు పూర్తిగా తొక్కి ఇంజను ఎంత తిరుగుతుందో చూసే స్టాల్ పరీక్ష కూడా పుస్తకాల్లో ఉంది. ఐదు సెకన్లు దాటితే అదే పెట్టెను కాల్చేస్తుంది. ఇంకా కొనని బండి మీద ఆ పని చెయ్యకూడదు. ఏఎంటీ మీద, డ్యూయల్ క్లచ్ మీద సొంత బండైనా చెయ్యకూడదు.

బాగేపల్లి నుంచి పైకి

బాగేపల్లి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి పేరేసంద్ర మీదుగా చిక్కబళ్ళాపురం దాకా 44వ జాతీయ రహదారి మీద నలభై కిలోమీటర్ల ప్రయాణంలో బండి రెండు వందల మీటర్లు పైకి వస్తుంది. కాలికి తెలియని ఎక్కుడు. గేర్‌బాక్సు పరీక్షకు కావలసింది సరిగ్గా అదే: ఆక్సిలేటరు కొద్దిగా, ఒకే తీరుగా తొక్కి ఉంచి, చెవిని కాక కంటిని పనిలో పెట్టి ఇంజను తిరుగుడు చూపే మీటరు ముల్లును చూస్తూ పోవడం.

కన్వర్టరు బండిలో రెండు గుర్తులకు కాచుకోవాలి. ఒకటి, గేరు మారే క్షణంలో ముల్లు పైకి ఎగిరి, ఆ తర్వాతే గేరు పట్టడం. ఒక క్లచ్ వదిలేలోగా రెండోది పట్టుకోలేకపోతోందని దాని అర్థం. రెండోది యాభైకీ ఎనభైకీ మధ్య వేగంలో, రోడ్డు మీద గీతలు తగిలినట్టు బండి సన్నగా వణకడం. ఇది లాకప్ క్లచ్ వణుకు. ఇంజనులో ఒక సిలిండరు సరిగ్గా మండకపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. రెంటినీ విడదీయడానికి ఒక చిట్కా ఉంది. వణుకుతున్నప్పుడు ఆక్సిలేటరు మీద కాలు అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేకును లైటు వెలిగేంత మాత్రం తాకాలి, వెనక బండ్లు లేనప్పుడే సుమా. బ్రేకు స్విచ్చి లాకప్‌ను విడదీస్తుంది. వణుకు ఠక్కున ఆగితే తప్పు కన్వర్టరుది లేదా దాని నూనెది. ఆగకపోతే ముందు స్పార్కు ప్లగ్గులు, కాయిళ్ళు చూడాలి. వందల రూపాయల ప్లగ్గుకు బదులు గేర్‌బాక్సు దింపించుకున్నవాళ్ళు ఉంటారు గనక ఈ చిట్కాకు విలువ ఎక్కువ.

సీవీటీని ఈ కొలతతో కొలిస్తే ప్రతి బండీ రోగిష్ఠిగానే కనిపిస్తుంది. ఆక్సిలేటరు తొక్కగానే ఇంజను గోల పెట్టడం, వేగం తర్వాత వచ్చి దాన్ని అందుకోవడం దాని స్వభావం. కాలు కదపకుండానే ముల్లు పైకీ కిందికీ ఊగితే మాత్రం బెల్టు జారుతోందేమో చూడాలి. బాగేపల్లి టోలు గేటు దగ్గర ఆగి కదిలేటప్పుడు దడదడలాడితే మొదటి పట్టు దగ్గరే తేడా ఉన్నట్టు. వేగంతో పాటు పెరిగే సన్నని కూత పుల్లీల బేరింగులది కావచ్చు.

డ్యూయల్ క్లచ్‌కు హైవే మంచి పరీక్ష కాదు, అక్కడ అది రాజులా నడుస్తుంది. దాన్ని ట్రాఫిక్‌లో పాకించాలి. 2023 జనవరిలో ఆవలగుర్కి దగ్గర ఆదియోగి విగ్రహం వెలిశాక చిక్కబళ్ళాపురం చుట్టూ ఆదివారం సాయంత్రాలు అందుకు కొరత లేదు. పొడి క్లచ్ ఉన్న పెట్టెలు పాకేటప్పుడు క్లచ్‌ను సగం పట్టించి జారనిస్తాయి, ఆ జారుడులోనే వేడెక్కుతాయి. ఒకటి రెండు గేర్ల మధ్య కుదుపు, తెర మీద వేడెక్కిందన్న హెచ్చరిక, గేరు అక్షరం మిణుకుమిణుకుమనడం దీని గుర్తులు. ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల పొడి క్లచ్ పెట్టెలో రివర్సు గేరు సరి గేర్ల క్లచ్ మీద ఉంటుంది. కాబట్టి రెండు, నాలుగు, ఆరుతో పాటు రివర్సు కూడా పోయిందంటే నాలుగు గేర్లు ఒకేసారి పాడైనట్టు కాదు; ఆ ఒక్క క్లచ్‌నో, దాన్ని నడిపే భాగాన్నో చూడాలి. మెకట్రానిక్ అనే ఆ నియంత్రణ పెట్టె బెడద ఒక్క మన దేశానిదే కాదు. 2013 మార్చిలో చైనాలో ఆ కంపెనీ డీఎస్‌జీ అనే తన డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల కారణంగా మూడు లక్షల ఎనభై వేలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది.

ఏఎంటీకి కావలసింది నంది కొండ. 1478 మీటర్ల ఆ కొండ దారిలో ఎక్కుడు మీద ఆపి కదిలించాలి. గేరు మారేటప్పుడు తల ముందుకు వంగడం ప్రతి ఏఎంటీలోనూ ఉంటుంది, దానికి ధర తగ్గించమని అడగడం న్యాయం కాదు. 2018కి ముందటి క్విడ్‌లో బ్రేకు వదిలినా బండి పాకేది కాదు, అదీ లోపం కాదు. అయితే ఎక్కుడు మీద బ్రేకు బదులు ఆక్సిలేటరుతో బండిని నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది, ఆ అలవాటే క్లచ్ ప్లేటును తినేస్తుంది. మాన్యువల్ మోడులో మూడో గేరు పెట్టి, నలభైలో ఆక్సిలేటరు పూర్తిగా తొక్కితే ముల్లు ఎగిరి వేగం రాకపోతే ప్లేటు అయిపోయినట్టే. ఇది భయపడాల్సిన రిపేరు కాదు, మామూలు బండికి క్లచ్ మార్చినట్టే. కాకపోతే కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకు స్కానరుతో నేర్పించాలి. ఆ పని చెయ్యకుండా బిగించి పంపిన బండి కొత్త క్లచ్‌తో కూడా గంతులేస్తుంది.

గేర్‌బాక్సు కాని దోషాలు

నా లెక్కలో పాత ఆటోమేటిక్‌ల మీద పడే నిందల్లో చాలా భాగం గేర్‌బాక్సువి కావు. డి వేయగానే ధడేలుమని కొడితే ముందు ఇంజను కింది రబ్బరు మౌంటింగులు చూడాలి. థ్రాటిల్ బాడీ మసి పట్టి ఇంజను ఎక్కువ వేగంతో నిలబడుతున్నా అదే కొట్టుడు వస్తుంది. పి నుంచి లివరు కదలకపోతే వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడమనండి. వెలగకపోతే తప్పు బ్రేకు స్విచ్చిదో ఫ్యూజుదో. వేగంలో హోరు వస్తుంటే స్టీరింగును మెల్లగా ఇటూ అటూ తిప్పాలి; హోరు మారితే అది చక్రం బేరింగు. ఏఎంటీ ఉన్నట్టుండి న్యూట్రల్‌లోకి పోతే బ్యాటరీ వోల్టేజీ కొలవకుండా క్లచ్‌నూ గేర్లనూ కదిపే యాక్చుయేటరు మార్చమనే మెకానిక్ మాట వినకూడదు.

పల్లెల్లో ఎలుకలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. మొక్కజొన్న, రాగి మూటల పక్కన షెడ్డులో నిలిపిన కారులో వేగం చెప్పే సెన్సరు వైరును కొరికితే బండి ఒకే గేరులో ఇరుక్కుపోతుంది. ఆ స్థితిని లింప్ మోడ్ అంటారు. పెట్టె తనను తాను కాపాడుకోవడానికి మూడో గేరులాంటి ఒకదాన్ని పట్టుకుని ఇంటిదాకా చేరుస్తుంది.

స్కానరు, నూనె

2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో కార్లకు లోపాలను కోడులుగా నమోదు చేసే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి, అప్పటి నుంచి వచ్చిన బళ్ళు స్కానరుతో మాట్లాడతాయి. పి0700 అన్న కోడు వస్తే అది రోగం పేరు కాదు. గేర్‌బాక్సు కంప్యూటరు దగ్గర ఫిర్యాదు ఉంది, దాన్ని అడుగు అని ఇంజను కంప్యూటరు చెప్పే మాట. చవక స్కానర్లు అక్కడే ఆగిపోతాయి, అసలు ఫిర్యాదు చదవాలంటే ఆ కంపెనీ గేర్‌బాక్సును తెరవగల స్కానరు కావాలి. పి0715, పి0720 వేగపు సెన్సర్ల దారివి. పి0730 అంటే గేరు లెక్కకు చక్రాల లెక్క సరిపోవడం లేదని. పి0741 లాకప్ పట్టడం లేదని. కోడు ఎప్పుడూ దారిని చూపుతుంది, మార్చాల్సిన సామానును కాదు.

అమ్మేముందు కోడులు తుడిచెయ్యడం రెండు నిమిషాల పని. దాన్ని పట్టుకోవడమూ అంతే సులువు. కోడులు తుడిచాక బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చాలా కార్లలో స్కానరు చెబుతుంది. ఆ అంకె పన్నెండో, ఇరవయ్యో ఉంటే ఎందుకు తుడిచారని అడగవచ్చు. ‘బ్యాటరీ తీసినాము’ అనే జవాబు నిజమే కావచ్చు, కాని అప్పుడు నేర్చుకున్న అలవాట్లు కూడా చెరిగిపోయి కొన్ని పెట్టెలు కొన్నాళ్ళు మొరటుగా నడుస్తాయి, పరీక్ష మళ్ళీ చెయ్యాలి.

ఇక నూనె. చాలా కన్వర్టరు పెట్టెల నూనె, అంటే ఏటీఎఫ్, ఎర్రగా పుట్టి గోధుమ రంగుకు తిరుగుతుంది. నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్ పొరలు కాలినట్టు. తెల్లకాగితం మీద చుక్క వేసి మెరిసే పొడి ఉందేమో చూడవచ్చు. స్ట్రాబెర్రీ పాల రంగు ఉంటే నీరో కూలెంటో కలిసింది: రేడియేటరులోని నూనె గొట్టం పగిలి ఉండాలి, లేదా బండి మునిగి ఉండాలి. 2022 సెప్టెంబరులో బెంగళూరు మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్ళలో నిలిచాయి గనక ఆ నగరపు బండి కొనేటప్పుడు కార్పెట్టు కిందా చూడడం తప్పు కాదు. కొన్ని సీవీటీ నూనెలు పుట్టుకతోనే పచ్చగానో, తేనె రంగులోనో ఉంటాయి, వాటికి ఎరుపు సూత్రం పనికిరాదు. డిప్‌స్టిక్కే లేని పెట్టెలూ ఉన్నాయి. పదేళ్ళ బండిలో నూనె కొత్త చీరలా ఎర్రగా మెరుస్తుంటే బిల్లు అడగాలి. అందులో ఏ నూనె పోశారన్నది ఎప్పుడు పోశారన్నదానికన్నా ముఖ్యం. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు పట్టు తప్పుతుంది.

పాత పెట్టెలో నూనె మారిస్తే అది చస్తుందన్న నమ్మకం ఈ సీమలోనే కాదు, అంతటా ఉంది. కింది బోల్టు విప్పి మారిస్తే పాత నూనెలో సగం కూడా రాదు, మిగతాది కన్వర్టరులోనే ఉండిపోతుంది. అలా మారిస్తేనే ఆగిపోయిన పెట్టె అప్పటికే ఆగబోతున్నది. ఒత్తిడితో కడిగే ఫ్లషింగును మాత్రం బాగా అరిగిన పెట్టెలకు నేను సిఫారసు చెయ్యను.

లాక్కొచ్చిన బండి

ఒక ప్రశ్న ఏ స్కానరూ అడగదు: ఈ బండిని ఎప్పుడైనా తాడు కట్టి లాగారా? అనంతపురం నుంచి వస్తూ హైవే మీద ఆగిపోతే ట్రాక్టరుకు కట్టి ఇంటికి తెచ్చుకోవడం ఇక్కడ కొత్త కాదు. ఏఎంటీ న్యూట్రల్‌లో ఉంటే మామూలు బండిలాగే లాగవచ్చు. కన్వర్టరు పెట్టెలో నూనె పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగి చక్రాలు తిరిగితే లోపలి గేర్లు ఎండుగా రాసుకుంటాయి. నడిపే చక్రాలు నేల మీద లేకుండా లేపి తేవాలి: చాలా చిన్న కార్లలో అవి ముందువి, ఇన్నోవా క్రిస్టాలో వెనకవి. క్రిస్టాను ముందు చక్రాలు ఎత్తి లాక్కొచ్చామని అమ్మేవాళ్ళు చెబితే ఎన్ని కిలోమీటర్లు లాగారో అడిగి, వేడి మీద ఎన్ నుంచి డికి మార్చే వాచీ పరీక్ష మరోసారి చెయ్యాలి.